పోరంకిలో 600 గజాలు, పది ఫ్లాట్లు: స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని విడిగా పెట్టుకోవాలా?

నమస్తే అండి. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పోరంకిలో 600 గజాల స్థలం, స్టిల్ట్ (కింద పార్కింగ్‌కి వదిలే పిల్లర్ల అంతస్తు) మీద అయిదు అంతస్తులు, మొత్తం పది ఫ్లాట్లు. రెండు మీరూ మీ తమ్ముడూ ఉంచుకుని ఎనిమిది అమ్ముదామని ఆలోచన. మీ ఇద్దరి ఉద్యోగాలూ బెంగళూరులో, సైట్ దగ్గర ఉండేది నాన్నగారు. ఆర్కిటెక్టు "స్ట్రక్చరల్ కూడా మా ఆఫీసులోనే అయిపోతుంది" అంటున్నారు. కాంట్రాక్టరేమో "రెండు వీధుల అవతల ఇలాంటిదే కట్టాను, ఆ డ్రాయింగులే సరిపోతాయి, సాయిల్ టెస్ట్ దండగ" అంటున్నాడు. ఇంజనీర్‌ని విడిగా పెట్టుకోవాలా, పెట్టుకుంటే పని తెలిసినవాడని ఎలా పోల్చుకోవాలి అని అడిగారు.

నేను 24 ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. మొదటి ఏడేళ్లు సైట్ ఇంజనీర్‌గా, తర్వాత నుంచి స్ట్రక్చరల్ డిజైన్. ఎక్కువగా విజయవాడ, గుంటూరు చుట్టుపక్కలే. సూటిగా చెప్తాను, విడిగానే పెట్టుకోండి. అదీ ఒకరిని కాదు, ఇద్దరిని. డిజైన్ చేసే స్ట్రక్చరల్ ఇంజనీర్ ఒకరు, రోజూ సైట్‌లో ఉండే సివిల్ ఇంజనీర్ ఒకరు. ఇద్దరికీ డబ్బు మీ చేతి నుంచే వెళ్లాలి, కాంట్రాక్టరు చేతి నుంచి కాదు. డిజైన్ చేసిన మనిషి పునాది గుంట దగ్గరికీ, ప్రతి స్లాబ్ కడ్డీ కట్టాకా స్వయంగా రావాలి. మీరు ఫీజు కట్టేది ఆ రాకకి కూడా అని మొదటే మాట్లాడుకోండి. డ్రాయింగులు మాత్రమే కొనుక్కుని సరిపెట్టుకున్నవాళ్ల సైట్లకి తర్వాత రిపేర్ల కోసం నన్ను పిలిచారు కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను.

ముందు నేల సంగతి. మనది డెల్టా. పైన నల్లమట్టి, కింద బంకమన్ను, మధ్యలో ఇసుక పొరలు, కొంచెం తవ్వగానే నీళ్లు. పైకి చూస్తే ఊరంతా ఒకటే నేల, కింద మాత్రం స్థలానికీ స్థలానికీ తేడా వస్తుంది. ఒకే స్థలంలో ఆ మూలకీ ఈ మూలకీ కూడా వస్తుంది. కొన్నేళ్ల క్రితం కానూరు వైపు ఒక అపార్ట్‌మెంటుకి డిజైన్ చేస్తున్నాను. ఓనరు నేల పరీక్షకి రెండు బోర్లు వేయించారు, రెండూ బాగానే వచ్చాయి. వెనక మూల కొంచెం పల్లంగా అనిపించి అడిగితే, పక్కింటి పెద్దాయన "అక్కడ మా చిన్నప్పుడు బావి ఉండేదండీ, ఎప్పుడో పూడ్చేశారు" అన్నారు. మూడో బోరు అక్కడ వేయించాం.

ఆ పరీక్ష మీరు చూసి ఉండకపోవచ్చు. మూడు కాళ్ల స్టాండు మీద నుంచి 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతారు. గొట్టం మొదటి 15 సెంటీమీటర్లు దిగడాన్ని వదిలేసి, తర్వాతి 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్కపెడతారు. ముందు వైపు బోర్లలో కుర్రాళ్లు పద్నాలుగు, పదిహేను అని పైకి లెక్కపెడుతుంటే విన్నాను. ఈ మూలలో "రెండు" అనేసరికే గొట్టం దిగిపోయింది. పైకి తీస్తే అందులో ఇటుక ముక్కలు, పుచ్చిపోయిన తాటి దుంగ పీచు. ఆ మూలలోనే లిఫ్ట్ గోడలు రావాలి. పాత లెక్కతో ఫుటింగులు (పిల్లరు కింద వెడల్పుగా పోసే కాంక్రీటు పాదాలు) వేసి ఉంటే ఆ వైపు కుంగేది. ఆ ఒక్క బోరు వల్ల పునాది పద్ధతే మార్చి పైల్స్‌కి (లోతుగా గట్టి నేల దాకా దించే కాంక్రీటు స్తంభాలకి) వెళ్లాం.

కాబట్టి మీ కాంట్రాక్టరు చెప్పే రెండు వీధుల అవతలి డ్రాయింగులు ఆ నేలకి, ఆ ప్లాన్‌కి, ఆ గదుల కొలతలకి వేసినవి. మీ స్థలంలో కనీసం మూడు బోర్లు వేయించండి, ఒకటి కచ్చితంగా వెనక మూలలో. ఎంత లోతు వెళ్లాలో స్ట్రక్చరల్ ఇంజనీర్ చెప్పాలి. అంటే సాయిల్ టెస్ట్‌కి ముందే ఆయన కుదరాలి. చాలామంది దీన్ని తిరగేస్తారు. ప్లాన్ అప్రూవల్ అయ్యాక, కొబ్బరికాయ కొట్టే ముహూర్తం పెట్టుకున్నాక, "వారంలో ఫుటింగ్ డ్రాయింగ్ కావాలి సార్" అని ఇంజనీర్ దగ్గరికి వస్తారు. అప్పటికి పిల్లర్లు ఎక్కడ రావాలో ప్లాన్ గీసేసి ఉంటుంది. స్టిల్ట్‌లో కారు తిప్పడానికి అడ్డం వచ్చిందని పై అంతస్తు పిల్లర్‌ని కింద తీసేసి బీము మీద నిలబెట్టిన బిల్డింగులు చాలావరకు ఈ తొందరలో పుట్టినవే. ఆర్కిటెక్టు మొదటి స్కెచ్ వేసిన రోజే ఇద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టండి. పిల్లరు కింద నుంచి టెర్రస్ దాకా ఒకే గీతలో వెళ్లేలా అప్పుడు పెన్సిల్‌తో సర్దితే సరిపోతుంది.

ఆర్కిటెక్టు ఆఫీసులోనే స్ట్రక్చరల్ అన్నంత మాత్రాన తప్పేమీ లేదు. మంచి ఇంజనీర్లతో ఏళ్ల తరబడి కలిసి పనిచేసే ఆర్కిటెక్టులు ఉన్నారు. కానీ ఆ డిజైన్ చేసే మనిషి ఎవరు? ఆయన్ని కలవనివ్వండి, ఒప్పందం ఆయనతో నేరుగా రాసుకుంటాం అని అడగండి. ఆ మాటకి ఒప్పుకుంటే సగం భయం తీరినట్టే. పేరు చెప్పకుండా "మా టీమ్ చూసుకుంటుంది" అంటే మాత్రం వద్దనండి.

ఇక మనిషిని పోల్చుకోవడం. మన దేశంలో ఆర్కిటెక్టులకి 1972 చట్టం ఉంది, కౌన్సిల్‌లో రిజిస్టర్ కాకుండా ఆ పేరు పెట్టుకోకూడదు. ఇంజనీర్లకి దేశం మొత్తానికీ అలాంటి చట్టం లేదు. మునిసిపల్, పట్టణాభివృద్ధి సంస్థల దగ్గర తీసుకునే లైసెన్సే ఆధారం. ఆ లైసెన్సు తప్పకుండా చూడండి, దాని గడువు తేదీ కూడా చూడండి. అయితే అక్కడితో ఆగకండి. లైసెన్సు ఉండి, తాను చూడని డిజైన్ మీద సంతకం పెట్టేవాళ్లూ ఉన్నారు. ఈ మాట రాయడానికి నాకే బాధగా ఉంది, కానీ మీకు తెలియాలి.

ముగ్గురితో మాట్లాడండి. ఒక్కొక్కరినీ అడగాల్సింది, "ఇప్పుడు కడ్డీ కట్టే దశలో ఉన్న మీ సైట్ ఒకటి చూపిస్తారా?" అని. పూర్తయి రంగులేసిన బిల్డింగు చూసి ఏమీ తెలియదు. ఆ సైట్‌కి నాన్నగారిని తీసుకుని ఆదివారం వెళ్లండి. అక్కడి మేస్త్రీని, రాడ్ బెండర్‌ని పక్కకి పిలిచి "సార్ ఎన్నిసార్లు వచ్చారు, వచ్చినప్పుడు ఏం మార్పించారు" అని అడగండి. "లాస్ట్ స్లాబ్‌కి రెండు బీముల్లో రింగులు విప్పించి మళ్లీ కట్టించారండీ, పొద్దంతా పోయింది" అని మేస్త్రీ విసుక్కుంటే, ఆ ఇంజనీర్ ఫోన్ నంబరు జాగ్రత్తగా దాచుకోండి.

తర్వాత స్టిల్ట్ గురించి అడగండి. పై అయిదు అంతస్తుల్లో గోడలు నిండుగా ఉండి, కింద పార్కింగ్‌లో ఉత్త పిల్లర్లే ఉంటే, భూమి కదిలినప్పుడు ఆ కింది అంతస్తే మెత్తగా వంగిపోతుంది. 2001 జనవరి 26న భుజ్ భూకంపం వస్తే, రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో కూలిన అపార్ట్‌మెంట్లలో ఇలా స్టిల్ట్ మీద నిలబడ్డవి చాలా ఉన్నాయి. మనకి భూకంపాలేంటి అంటారు. 2016 నాటి భూకంప కోడ్ ప్రకారం హైదరాబాద్ రెండో జోన్‌లో ఉంటే, విజయవాడ అంతకన్నా ముప్పు ఎక్కువున్న మూడో జోన్‌లో ఉంది. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో వచ్చింది. 2024 డిసెంబరు 4 పొద్దున ములుగు దగ్గర 5.3తో వచ్చినప్పుడు విజయవాడలోనూ జనం ఇళ్లలోంచి బయటికి వచ్చారు. అందుకే ఇంజనీర్‌ని "స్టిల్ట్‌ని గట్టిగా ఉంచడానికి ఏం చేస్తారు, షియర్ వాల్స్ ఎక్కడ పెడతారు" అని అడగండి. లిఫ్ట్ చుట్టూ, మెట్ల దగ్గర, ఇంకా రెండు మూడు చోట్ల కాంక్రీటు గోడలు చూపించి, ఎందుకో మీకు అర్థమయ్యేలా చెప్పగలగాలి. "సాఫ్ట్‌వేర్‌లో పాస్ అయింది" అన్నది సమాధానం కాదు.

పిల్లరు సైజు అడగండి. మన దగ్గర అందరికీ తొమ్మిది అంగుళాల పిల్లరే ఇష్టం, గోడలో కలిసిపోతుంది, గదిలోకి పొడుచుకు రాదు. కానీ మూడో జోన్‌కి వర్తించే ఐఎస్ 13920 (భూకంపాన్ని తట్టుకునే కాంక్రీటు కట్టడాల భారత ప్రమాణం), 2016లో సవరించినప్పటి నుంచి, పిల్లరు ఏ వైపూ 300 మిల్లీమీటర్లకు తగ్గకూడదంటుంది. బీములోని లావు కడ్డీకి ఇరవై రెట్లు అంతకన్నా ఎక్కువైతే అదే లెక్క. బీములో 16 ఎంఎం కడ్డీ పిల్లరు గుండా వెళ్తుంటే 320 కావాలి. తొమ్మిది అంగుళాలంటే 230 మాత్రమే. బెడ్‌రూము మూలలో మూడున్నర అంగుళాలు బయటికి వస్తుంది, అక్కడ వార్డ్‌రోబ్ పెట్టుకుంటే కనపడదు. స్టిల్ట్ మీద అయిదు అంతస్తులకి "తొమ్మిది అంగుళాలు చాలండీ" అని తేలిగ్గా అనేసే ఇంజనీర్ దగ్గర నేనైతే ఇంకో నిమిషం కూర్చోను.

స్టీలు తగ్గిస్తానని చెప్పుకునేవాళ్ల గురించి కూడా అడిగారు. లెక్క చూద్దాం. మీ అయిదు అంతస్తులూ కలిపి 16,000 చదరపు అడుగులు అనుకుందాం. అడుగుకి అర కిలో స్టీలు తేడా వస్తే 8 టన్నులు, కిలో 60 రూపాయలు వేసుకున్నా 4,80,000. కాబట్టి ఫీజులో అడుగుకి రూపాయి, రెండు రూపాయలు బేరమాడి తొందర మనిషికి ఇవ్వడంలో లాభం లేదు. శ్రద్ధగా డిజైన్ చేసేవాడు అక్కర్లేని చోట వృథా తీసేస్తాడు, అక్కరున్న చోట కలుపుతాడు. భయంతో డిజైన్ చేసేవాడు అంతటా కుక్కుతాడు. కానీ నేల రిపోర్టు కూడా చూడకముందే "అడుగుకి ఇన్ని కిలోల్లో తెచ్చేస్తా" అని మాట ఇచ్చేవాడిని నమ్మకండి. ఆ అంకె ఎలా తెస్తాడో స్లాబ్ పోశాక ఎవరికీ కనపడదు.

సైట్ ఇంజనీర్‌కి పెద్ద చదువు అక్కర్లేదు. పాలిటెక్నిక్ డిప్లొమా చేసి, నాలుగైదేళ్లు అపార్ట్‌మెంట్ పనుల్లో ఎండలో నిలబడ్డ కుర్రాడు మీకు సరిగ్గా సరిపోతాడు. జీతం నెలనెలా మీరే వేయండి. అతను ఏం చూడాలో ఒక ఉదయం సంగతి చెప్తే తెలుస్తుంది.

తాడేపల్లి వైపు ఒక సైట్‌లో మూడో అంతస్తు పిల్లర్లకి ఆరున్నరకి వెళ్లాను. పదింటికి రెడీమిక్స్ బండి రావాలి. పిల్లర్ల నిలువు కడ్డీల చుట్టూ కట్టే రింగులన్నీ చక్కగా, సమానమైన దూరంలో ఉన్నాయి, చూడటానికి ముచ్చటగా ఉంది. దగ్గరికెళ్లి చూస్తే రింగు కొసలు రెండూ లంబంగా వంచి వదిలేశారు. కొస 135 డిగ్రీలు లోపలికి తిరిగి, కనీసం 65 మిల్లీమీటర్లు కాంక్రీటు గర్భంలోకి వెళ్లాలి. లేదంటే పిల్లరు మీద గట్టిగా ఒత్తిడి వచ్చి పై పెచ్చు ఊడిన రోజున ఆ రింగు విప్పుకుంటుంది, నిలువు కడ్డీలు బయటికి ఉబ్బుతాయి. రాడ్ బెండర్ "అలా వంచితే రింగు దూర్చడం కష్టం సార్" అన్నాడు. నిజమే, కష్టమే. అతని దగ్గర రెంచి తీసుకుని నాలుగు రింగులు నేనే వంచి చూపించాను. మిగతావి వాళ్లు పూర్తి చేసేసరికి సాయంత్రం అయింది, బండి మర్నాటికి మార్చాం. కాంట్రాక్టరు రెండు రోజులు మాట్లాడలేదు. కానీ పై రెండు అంతస్తులకీ మళ్లీ చెప్పే పని పడలేదు. ఆ సైట్ కుర్రాడు ప్రతి రింగూ చూసుకునేవాడు.

రెడీమిక్స్ బండి వచ్చినప్పుడు కూడా అతను అక్కడే ఉండాలి. కాంక్రీటు గట్టిగా ఉంది, పైపులో కదలట్లేదని డ్రైవరో మేస్త్రీయో డ్రమ్ములోకి నీళ్ల పైపు పెట్టేస్తారు. మీరు డబ్బు కట్టిన గ్రేడు అక్కడే పోతుంది. నీళ్లు పెట్టనివ్వకుండా, స్లంప్ (కాంక్రీటు ఎంత జారుగా ఉందో చెప్పే కొలత) తక్కువైతే బండి వెనక్కి పంపే అధికారం ఆ కుర్రాడికి ఉందని కాంట్రాక్టరు ఎదుటే నాన్నగారి చేత చెప్పించండి. ఆ మాట చెప్పకపోతే పాతికేళ్ల కుర్రాడు యాభై ఏళ్ల మేస్త్రీని ఆపలేడు. అదే కాంక్రీటుతో క్యూబులు (పరీక్ష దిమ్మెలు) పోసి, తేదీ గీసి, 28 రోజులకి దగ్గర్లోని ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో పగలగొట్టించాలి. కాంక్రీటు పనుల భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం ఒకసారి పోసే కాంక్రీటు 31 నుంచి 50 ఘనపు మీటర్ల మధ్య ఉంటే నాలుగు శాంపిళ్లు, శాంపిల్‌కి మూడు క్యూబులు. స్లాబ్‌కి మూడంటే మూడే క్యూబులు పోసి వదిలేయడం మామూలైపోయింది, ఒప్పుకోకండి. కడ్డీ కాంక్రీటు అంచుకి తగలకుండా పెట్టే కవర్ బిళ్లలు ఫుటింగ్‌కి 50 మిల్లీమీటర్లు, పిల్లర్‌కి 40. రాళ్ల ముక్కలు పెడితే తీయించాలి. ప్లంబరు బీముకి బొక్క కొట్టకుండా చూడాలి. ఇవన్నీ ఒక రిజిస్టర్‌లో, ఫోటోతో సహా. బెంగళూరులో ఉన్న మీకు వీడియో కాల్ కన్నా ఆ రిజిస్టర్ ఎక్కువ చెప్తుంది.

ఒప్పందం రెండు పేజీలు చాలు, కానీ కాగితం మీద ఉండాలి. ఏ ఏ డ్రాయింగులు ఇస్తారు (సెంటర్ లైన్, పైల్స్ లేదా ఫుటింగులు, పిల్లర్లు, ప్లింత్ బీములు, ప్రతి స్లాబ్, మెట్లు, లిఫ్ట్, సంపు, పై ట్యాంకు), ఎన్నిసార్లు వస్తారు, రాకపోతే ఎవరిని పంపుతారు, ఇవన్నీ రాయండి. ఫీజుని దశల వారీగా విడగొట్టి, చివరి భాగం ఆఖరి స్లాబ్ అయ్యాక ఇచ్చేలా పెట్టండి. జీఎస్టీ 18 శాతం ఫీజులో కలిసిందా, విడిగానా అన్నది ముందే తేల్చుకోండి. ముఖ్యంగా ఒక వాక్యం పెట్టండి: ఇంజనీర్ రాతపూర్వకంగా ఒప్పుకోకుండా సైట్‌లో ఏ మార్పూ జరగదు. ఇది మీకూ వర్తిస్తుంది. వాస్తు పండితుడు చెప్పాడని 15,000 లీటర్ల ట్యాంకుని టెర్రస్ మీద ఈ మూల నుంచి ఆ మూలకి జరిపేస్తారు. అంటే నీళ్లే 15 టన్నులు, ఆ బరువుకి లెక్కలేని పిల్లర్ల మీదికి. ట్యాంకు ఏ మూలన ఉండాలో డిజైన్‌కి ముందే చెప్పండి, ఏ మూలైనా చేసి పెట్టొచ్చు.

తవ్వకం రోజులు కూడా ఒప్పందంలో రావాలి. పక్క ఇల్లు పాతదైతే మరీ. 2024 నవంబరులో హైదరాబాద్ గచ్చిబౌలి సిద్దిఖ్‌నగర్‌లో పక్క స్థలంలో పునాది తవ్వితే కట్టేసి ఉన్న బిల్డింగు ఒరిగిపోయి, చివరికి కూల్చేయాల్సి వచ్చింది. మీ గుంట అంచులు ఎలా ఆపాలి, నీళ్లు ఎలా తోడాలి అన్నది స్ట్రక్చరల్ ఇంజనీర్ గీసి ఇవ్వాలి. జేసీబీ డ్రైవరు నిర్ణయించే విషయం కాదు. తవ్వే ముందు పక్కింటి గోడల పగుళ్లకి వాళ్ల ఎదుటే ఫోటోలు తీసి పెట్టుకోండి.

రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) గురించి మీరు అడగలేదు గానీ చెప్పాలి. స్థలం 500 చదరపు మీటర్లు దాటకపోయినా, ఫ్లాట్లు ఎనిమిది దాటకపోయినా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మీ 600 గజాలంటే దాదాపు 501.7 చదరపు మీటర్లు, ఫ్లాట్లు పది. రెండూ దాటాయి. రిజిస్ట్రేషన్‌లో స్ట్రక్చరల్ ఇంజనీర్ పేరు ఇవ్వాలి. కొన్నవాళ్ల డబ్బులో 70 శాతం విడి ఖాతాలో ఉంటుంది, అందులోంచి తీయడానికి ఇంజనీర్, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంట్ సర్టిఫికెట్లు కావాలి. ఫ్లాట్ అప్పగించిన రోజు నుంచి అయిదేళ్ల లోపు నిర్మాణంలో లోపం బయటపడితే, చెప్పిన 30 రోజుల్లో మీ ఖర్చుతో సరిచేయాల్సింది చట్టం ప్రకారం ప్రమోటరే. అంటే మీరూ మీ తమ్ముడూ. అప్పటికి కాంట్రాక్టరు ఇంకో ఊళ్లో ఇంకో పనిలో ఉంటాడు. సాయిల్ రిపోర్టు, సంతకంతో ఉన్న డ్రాయింగులు, క్యూబ్ రిజల్ట్స్, ఆ రిజిస్టర్ ఒక ఫైలులో మీ దగ్గర ఉంటేనే ఎక్కడ తేడా వచ్చిందో చూపించగలరు.

ఇంకా టెన్షన్‌గా అనిపిస్తే, పునాది, పిల్లర్ల డిజైన్ వరకు వేరే ఇంజనీర్ చేత ఒకసారి చెక్ చేయించండి. దీనికి మొదటి ఇంజనీర్ నొచ్చుకోకూడదు. నా డిజైన్లు వేరేవాళ్లు చూస్తే నాకు సంతోషమే, ఒకసారి అలా చూసినాయన మెట్ల బీములో నేను వదిలేసిన బరువుని పట్టుకున్నారు.

ఈ నెలలో మీరు చేయాల్సింది ఒక్కటే, ప్లాన్ సబ్మిట్ చేయకుండా ఆపి ఇంజనీర్‌ని కుదుర్చుకోండి. బోర్లు వేసే రోజు సెలవు పెట్టుకుని మీరే రండి, నాన్నగారిని ఒక్కరినే ఎండలో నిలబెట్టకండి. చుట్టుపక్కల పెద్దవాళ్లని ఆ స్థలంలో ఇదివరకు బావి గానీ, చెరువు గానీ, కాలవ గానీ ఉండేదా అని అడగండి. రిపోర్టు వచ్చాక పేర్లు, సర్వే నంబరు తీసేసి ఇక్కడ పెడితే, చదివి ఏ పునాది సబబో నా అభిప్రాయం చెప్తాను.